డైజెస్ట్ సైటేషన్ విప్పడం: జస్టీనియన్ క్రోడీకరణలో ఒక వాక్యాన్ని పట్టుకుని మూలం దాకా వెళ్లే పద్ధతి

న్యాయశాస్త్ర పుస్తకాల ఫుట్‌నోట్లలో "డి. 9.2.11 పీఆర్." లాంటి సైటేషన్లు, అంటే మూలం ఎక్కడుందో చూపే గుర్తులు, కనిపిస్తే చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆ అంకెలు విప్పడం వస్తే క్రీ.శ. 533 డిసెంబరు 30న రోమన్ సామ్రాజ్యంలో చట్టంగా అమల్లోకి వచ్చిన ఒక పేరా నేరుగా చేతికందుతుంది. దీనికి లాటిన్ పండితులే కానక్కర్లేదు. ఒక మంచి ముద్రణ, నమ్మదగిన ఒక అనువాదం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

పద్ధతి అంతా ఒక్క విషయం మీద నిలబడి ఉంది. డైజెస్ట్ అంటే పాత రోమన్ న్యాయవేత్తల రచనల నుంచి జస్టీనియన్ చక్రవర్తి ఏరించిన సంకలనం. అందులో ప్రతి ఖండికకూ రెండు చిరునామాలు ఉంటాయి. సంకలనం చేసిన ట్రిబోనియన్ బృందం దాన్ని తెచ్చి ఎక్కడ పెట్టిందో అది ఒకటి. అంతకుముందు అది ఏ న్యాయవేత్త రాసిన ఏ పుస్తకంలో ఉండేదో అది రెండోది. మొదటిది నంబరులో ఉంటుంది. రెండోది ఖండిక నెత్తిన ఒకే ఒక్క లైనులో ఉంటుంది. తప్పులన్నీ ఆ రెండో లైను చదవకపోవడం దగ్గరే మొదలవుతాయి.

ముందు ఏ భాగమో తేల్చుకోండి

జస్టీనియన్ 527 నుంచి 565 దాకా కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన చక్రవర్తి. ఆయన పేరు మీద ఉన్న సంపుటిలో నాలుగు భాగాలున్నాయి. సైటేషన్‌లో మొదటి అక్షరం చూడగానే భాగం తెలిసిపోతుంది.

డి. అంటే డైజెస్ట్, 50 పుస్తకాలు. పాత న్యాయవేత్తల రచనల నుంచి ఏరిన ముక్కలు ఇందులో ఉంటాయి. ఇన్‌స్ట్. (కొన్ని పుస్తకాల్లో జె. లేదా ఐ.) అంటే ఇన్‌స్టిట్యూట్స్, 4 పుస్తకాలు. న్యాయవిద్యార్థుల కోసం రాసిన ఈ పాఠ్యపుస్తకానికి చట్టబలం కూడా ఉంది. సి. అంటే కోడ్, 12 పుస్తకాలు, చక్రవర్తుల శాసనాలూ జవాబులూ. నవ్. అంటే నావెల్స్, కోడ్ తర్వాత వచ్చిన కొత్త శాసనాలు. వీటిలో ఎక్కువ భాగం గ్రీకులో ఉన్నాయి. మనకందిన పెద్ద సంకలనంలో 168 ఉన్నాయి.

కోడ్ దగ్గర ఒక జాగ్రత్త. మొదటి కోడ్ 529 ఏప్రిల్‌లో వచ్చింది. డైజెస్ట్ పని పూర్తయ్యేసరికి అది పాతబడిపోయింది. 534 నవంబరు 16న రెండోది ప్రకటించారు, డిసెంబరు 29 నుంచి అమలు చేశారు. మన చేతిలో ఉన్నది ఈ రెండోదే. మొదటిది పోయింది, దాని విషయసూచికలో ఒక ముక్క మాత్రం ఈజిప్టులో పపైరస్ మీద దొరికింది. కాబట్టి "529 నాటి కోడ్‌లో ఇలా ఉంది" అని ఎవరైనా సెక్షన్ నంబరుతో సహా రాస్తే ఆ వ్యాసాన్ని అనుమానంగానే చదవండి. అలాగే 438లో వచ్చిన థియోడోసియన్ కోడ్ వేరు. దానివి 16 పుస్తకాలు, దాన్ని సి.టి.హెచ్. అని రాస్తారు. రెండింటినీ కలిపేయడం పరీక్ష పేపర్లలో తరచుగా జరిగే పొరపాటు.

డైజెస్ట్ ఎందుకు కావాల్సివచ్చిందో ఒక్క ఉదాహరణ చాలు. 426లో వచ్చిన ఒక శాసనం ప్రకారం కోర్టులో ఐదుగురు న్యాయవేత్తల మాటకే ప్రధానంగా విలువ: పాపినియన్, పౌలస్, ఉల్పియన్, మోడెస్టినస్, గేయస్. అభిప్రాయాలు వేరైతే తలలు లెక్కపెట్టాలి. సమానమైతే పాపినియన్ ఎటుంటే అటు. ఆయన ఏమీ చెప్పకపోతే జడ్జి ఇష్టం. వాదనలో బలం చూడకుండా ఓట్లు లెక్కపెట్టే స్థితికి న్యాయం దిగిపోయిందన్నమాట. 530 డిసెంబరులో జస్టీనియన్ ట్రిబోనియన్‌కు పని అప్పగించాడు. మూడేళ్లలో దాదాపు 2,000 పుస్తకాలు చదివి, 30 లక్షల లైన్లను లక్షన్నరకు తగ్గించామని డైజెస్ట్‌ను ప్రకటించిన శాసనమే చెబుతుంది. అంటే ఇరవై లైన్లకు ఒకటి మిగిలింది. మిగతా పందొమ్మిదిలో చాలావరకు మనకు శాశ్వతంగా పోయాయి. డైజెస్ట్ చదువుతున్నప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి.

నంబరు విప్పడం

ఇప్పుడు డి. 9.2.11 పీఆర్. తీసుకుందాం. 9 అంటే తొమ్మిదో పుస్తకం. 2 అంటే అందులో రెండో శీర్షిక, "అక్విలియా చట్టం గురించి". క్రీ.పూ. మూడో శతాబ్దానికి చెందిన ఆ చట్టం ఒకరి ఆస్తికి మరొకరు చేసిన నష్టానికి సంబంధించింది. 11 అంటే ఆ శీర్షిక కింద పదకొండో ఖండిక. పీఆర్. అంటే ప్రిన్సిపియం, ఖండిక మొదటి పేరా.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. మొదటి పేరాకు నంబరుండదు, దాన్ని పీఆర్. అంటారు. "1" అని రాసి ఉన్న పేరా నిజానికి రెండోది. డి. 9.2.11.1 అని రాసి మొదటి పేరా కోట్ చేస్తే మీ సైటేషన్ తప్పు. ఖండిక మొత్తం ఒకే పేరా అయితే పీఆర్. అక్కర్లేదు, మూడు అంకెలతో ఆపేయాలి.

ఇంకో చిక్కు 30, 31, 32 పుస్తకాలతో. ఈ మూడూ కలిసి వీలునామా దానాల గురించి ఒకే శీర్షిక. అందుకని వీటిలో శీర్షిక నంబరు వదిలేసి పుస్తకం, ఖండిక, పేరా మాత్రమే రాస్తారు. మిగతా చోట్ల మధ్య అంకెను శీర్షికగా చదివే అలవాటుతో ఇక్కడా చదివితే, లేని శీర్షిక కోసం వెతుకుతూ కూర్చుంటారు.

పాత పుస్తకాల్లో సైటేషన్ అంకెల్లో ఉండదు. మధ్యయుగపు బొలోన్యా పండితులు ఖండికను దాని మొదటి మాటలతో గుర్తించేవారు. మన ఖండిక "ఇటెమ్ మేలా" అనే మాటలతో మొదలవుతుంది కాబట్టి వాళ్ల రాతలో అది "ఎల్. ఇటెమ్ మేలా, ఎఫ్ఎఫ్. అడ్ లెజెమ్ అక్విలియామ్". ఎల్. అంటే లెక్స్, ఖండిక. ఎఫ్ఎఫ్. అంటే డైజెస్ట్. ఇలాంటిది ఎదురైతే ముందు శీర్షికల పట్టికలో అక్విలియా చట్టం ఏ పుస్తకమో చూడండి. తర్వాత ముద్రణ చివర ఉండే ఖండికల తొలిపదాల సూచికలో "ఇటెమ్ మేలా" వెతకండి. ఐదు నిమిషాల పని.

నెత్తి మీది లైను

నంబరు పట్టుకుని పేజీకి వెళ్లాక వెంటనే ఖండికలోకి దిగకండి. పైన "ఉల్పియన్, ఎడిక్ట్ మీద వ్యాఖ్య, 18వ పుస్తకం" అని ఉంటుంది. దీన్ని ఇన్‌స్క్రిప్షన్ అంటారు. ఎడిక్ట్ అంటే ప్రేటర్ అనే రోమన్ న్యాయాధికారి దావాల గురించి చేసే ప్రకటన. రెండో చిరునామా ఇదే. కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఎవరు, ఏ పుస్తకం, ఎన్నో భాగం. ఉల్పియన్ కరకల్లా చక్రవర్తి కాలంలో, అంటే 211-217 మధ్య, ఎక్కువగా రాశాడు. డైజెస్ట్‌లో దాదాపు ఐదింట రెండు వంతులు ఆయనదే. కొన్ని ముద్రణల్లో పేరు బదులు "అదే రచయిత" అని ఉంటుంది. అప్పుడు ఒక ఖండిక వెనక్కి వెళ్లి పేరు ఖాయం చేసుకోవాలి.

ఇప్పుడు విషయం చదవండి. కొందరు బంతాట ఆడుతున్నారు. ఒకడు బంతిని గట్టిగా కొట్టాడు. అది వెళ్లి పక్కన క్షౌరం చేస్తున్న క్షురకుడి చేతికి తగిలింది. చేతిలో కత్తి ఉంది, కత్తి కింద ఒక బానిస మెడ ఉంది. గొంతు తెగింది. రోమన్ చట్టంలో బానిస యజమాని ఆస్తి. ఆ యజమానికి నష్టపరిహారం ఎవరివ్వాలి? మేలా అనే పాత న్యాయవేత్త రాసిన మాట: తప్పు ఎవరిదైతే వాళ్లు. ప్రోక్యులస్ అనే మరో న్యాయవేత్త మాట: తప్పు క్షురకుడిదే. ఆపైన ఉల్పియన్ అంటాడు: జనం మామూలుగా ఆడుకునే చోటో, రాకపోకలు ఎక్కువగా ఉండే చోటో కుర్చీ వేసుకుంటే నిజంగానే అతన్ని తప్పుపట్టవచ్చు. చివర మరో వాక్యం: ప్రమాదకరమైన చోట కుర్చీ వేసిన క్షురకుడికి తనంతట తాను మెడ అప్పగించినవాడు తనను తానే నిందించుకోవాలన్న మాటా బాగానే ఉంది.

ఈ నాలుగు వాక్యాల్లో ఎన్ని కాలాలున్నాయో చూడండి. ప్రోక్యులస్ ఉల్పియన్‌కు నూటయాభై ఏళ్లకు పైగా ముందువాడు. ఉల్పియన్ ఆ పాత అభిప్రాయాలను పేర్లతో సహా పక్కపక్కన పెట్టాడు. ఆ పేరాను 533లో ట్రిబోనియన్ తెచ్చి ఇక్కడ పెట్టాడు. కాబట్టి "క్షురకుడిదే తప్పని జస్టీనియన్ అన్నాడు" అని రాయడం తప్పు. "క్షురకుడిదే తప్పని ప్రోక్యులస్ అభిప్రాయం, దాన్ని ఉల్పియన్ చోటును బట్టి సమర్థించాడు" అనాలి. అలాగని జస్టీనియన్‌ను పూర్తిగా తీసేయలేం. ఇందులో చేరినదంతా తన మాటగానే చెల్లుతుందని ఆయన శాసనంలో రాశాడు. మీ ప్రశ్న మూడో శతాబ్దపు రోమ్ గురించైతే రెండో చిరునామా వాడండి. 533 తర్వాతి చట్టం గురించైతే మొదటిది వాడండి. ఏది వాడుతున్నారో మీ వాక్యంలో తెలియాలి.

ఇరుగుపొరుగు చూడండి

ఒక్క ఖండికతో ఆగిపోతే సగం పనే. రెండు ఖండికలు వెనక్కి వెళ్లండి. డి. 9.2.9.4 ఉల్పియన్‌దే, అదే 18వ పుస్తకం. ఈటెలు విసిరే ఆటలో బానిస చనిపోతే అక్విలియా చట్టం వర్తిస్తుంది. కానీ మైదానంలో ఇతరులు ఈటెలు విసురుతుండగా బానిస మధ్యలోంచి వెళ్లి చనిపోతే వర్తించదు, ఆ వేళప్పుడు అటు వెళ్లకూడదు కాబట్టి. కావాలని గురి పెట్టి కొట్టినవాడు మాత్రం తప్పించుకోలేడు. దీని తర్వాత 10వ ఖండికలో ఒకే ఒక్క వాక్యం: "ఎందుకంటే హాని చేసే ఆట కూడా తప్పు కిందికే వస్తుంది." నెత్తి మీది లైను చూస్తే ఇది పౌలస్‌ది, ఎడిక్ట్ మీద వ్యాఖ్య, 22వ పుస్తకం. 11లో మళ్లీ ఉల్పియన్.

ఇక్కడ దర్జీ పని కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే ఎడిక్ట్ మీద వ్యాఖ్య రాశారు కాబట్టి సంకలనకర్తలు ఉల్పియన్‌ను కత్తిరించి మధ్యలో పౌలస్ వాక్యం అతికించారు. కుట్టు సరిగ్గా కుదరలేదు కూడా. పౌలస్ "ఎందుకంటే" అన్నది ఆటలో జరిగిన చావుకు కారణం చెప్పడానికి. అది వచ్చిపడింది మాత్రం కావాలని గురిపెట్టినవాడి వాక్యం వెనక. ఖండికల సరిహద్దులు పట్టించుకోకుండా చదివితే ఇది ఒకే మనిషి అర్థంలేని వాదనలా కనిపిస్తుంది.

ఇదే విషయం ఇన్‌స్ట్. 4.3.4లో చూడండి. అక్కడ నియమం వేరుగా ఉంటుంది: అభ్యాసం చేసే మైదానంలో సైనికుడు విసిరితే తప్పు లేదు, మరొకడు విసిరితే తప్పే. రెండూ ఒకే రోజు చట్టాలయ్యాయి. తేడా కనిపించినప్పుడు ఒకదాన్ని దాచేయకుండా రెండూ ఇవ్వండి.

శీర్షికలో ఖండికల వరస గజిబిజిగా ఉందనిపిస్తే దానికీ కారణముంది. 1820లో బ్లూమె అనే జర్మన్ పండితుడు ఇన్‌స్క్రిప్షన్లను వరసగా రాసుకుంటూ పోయి, పుస్తకాలు గుంపులు గుంపులుగా వస్తున్నాయని కనిపెట్టాడు. సంకలనకర్తలు ఉపసంఘాలుగా చీలి తలా ఒక గుంపు పుస్తకాలు చదివారని ఆయన వివరణ. సబీనస్ అనే న్యాయవేత్త పేరుతో ఒక గుంపు, ఎడిక్ట్ గుంపు, పాపినియన్ గుంపు, చిన్న అనుబంధం. మీరూ ఒక చిన్న శీర్షిక తీసుకుని రచయిత, పుస్తకం వరసగా రాసి చూడండి. గుంపు మారే చోటు కంటికి కనిపిస్తుంది.

మార్పులు చేసిన చోట్లు

పాత రచనల్లో అనవసరమైనదీ, పాతబడినదీ సరిచేయమని ట్రిబోనియన్‌కు చక్రవర్తి అనుమతి ఇచ్చాడు. అందుకని మూడో శతాబ్దం గురించి డైజెస్ట్‌ను సాక్ష్యంగా తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. బాగా తెలిసిన ఉదాహరణ ఆస్తి బదలాయింపు. పాత రోమ్‌లో ఇటలీ భూమి, బానిసలు, బండి లాగే, బరువు మోసే పశువులు చేతులు మారాలంటే సాక్షుల ముందు త్రాసు పెట్టి చేసే "మాన్సిపేషియో" అనే తంతు ఉండేది. జస్టీనియన్ నాటికి అది పోయింది. కాబట్టి పాత రచయిత ఆ మాట రాసిన చోట డైజెస్ట్‌లో ఉత్త అప్పగింతకు వాడే "ట్రాడిషియో" కనిపిస్తుంది.

సరిచూసుకోవడానికి మంచి ఆధారం గేయస్ రెండో శతాబ్దంలో రాసిన పాఠ్యపుస్తకం. 1816లో నీబుర్ అనే చరిత్రకారుడు ఇటలీలోని వెరోనాలో దాన్ని కనిపెట్టాడు. తోలు కాగితాల మీది పాత రాతను గీకేసి, పైన సెయింట్ జెరోమ్ ఉత్తరాలు రాసి ఉన్నాయి. జస్టీనియన్ మనుషుల చెయ్యి పడకుండా దాదాపు పూర్తిగా మనకందిన పాత న్యాయగ్రంథం ఇదొక్కటే. అనుమానం వచ్చినప్పుడల్లా ముందు గేయస్‌లో చూడండి. అలాగని ప్రతి వాక్యాన్నీ అనుమానించకండి. 20వ శతాబ్దం మొదట్లో పండితులు ఆ పనే చేసి, శైలి కాస్త మారితే చాలు మార్పేనన్నారు. తర్వాతి తరం అందులో చాలావరకు వెనక్కి తీసుకుంది.

లాటిన్ సూక్తిని వెనక్కి పట్టుకెళ్లడం

ఎల్‌ఎల్‌బీ చదివేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. టార్ట్స్ (నష్టపరిహారానికి దారితీసే సివిల్ తప్పులు) క్లాసులో "వోలెంటీ నాన్ ఫిట్ ఇంజూరియా", ఒప్పుకున్నవాడికి అన్యాయం లేదు, అని చదువుతాం. దాని మూలం డి. 47.10.1.5, ఉల్పియన్. అక్కడ సందర్భం ఆటల్లో తగిలిన దెబ్బ కాదు. ఒకడు మరొకరి కొడుకును, ఆ కొడుకు ఒప్పుకోగానే, బానిసగా అమ్మేశాడు. తనకు జరిగిన అవమానానికి తండ్రి దావా వేయవచ్చు. కొడుకు తరఫున మాత్రం వేయలేడు, ఒప్పుకున్నవాడి విషయంలో జరిగింది అన్యాయం కాదు కాబట్టి. అంటే మూలంలో ఆ వాక్యం ఒక దావాను ఆపింది, పక్కనే ఇంకో దావా నడిచింది. సూక్తిగా విడిపోయాక ఆ రెండో దావా మాయమైంది.

50వ పుస్తకం 17వ శీర్షికలో ఇలాంటి సూత్రాలే 211 ఉన్నాయి. తనకున్న హక్కు కంటే ఎక్కువ హక్కు ఎవరూ మరొకరికి ఇవ్వలేరన్నది అందులో 54వది. మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్ చదివినవారికి ఇది పరిచయమే. ఈ శీర్షిక వాడేటప్పుడు ఇన్‌స్క్రిప్షన్ ఇంకా ముఖ్యం. సూత్రం సందర్భం నుంచి తెగి వచ్చింది, అసలు విషయమేమిటో పుస్తకం నంబరే చెప్పాలి. 1889లో లెనెల్ అనే జర్మన్ పండితుడు ప్రతి రచయిత ముక్కలనూ పాత పుస్తకాల వరసలో తిరిగి పేర్చాడు. అందులో పక్కనున్న ముక్కలు చూస్తే విషయం దొరుకుతుంది. ఆ శీర్షికలో మొట్టమొదటి ఖండిక పౌలస్‌ది: సూత్రం నుంచి న్యాయం పుట్టదు, ఉన్న న్యాయం నుంచే సూత్రం పుడుతుంది.

మన సుప్రీంకోర్టు తీర్పుల నుంచి కూడా ఇలాగే వెనక్కి వెళ్లవచ్చు. బియాస్ నది విషయంలో 1996 డిసెంబరులో వచ్చిన ఎం.సి. మెహతా వర్సెస్ కమల్‌నాథ్ తీర్పు పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని, అంటే ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫు ధర్మకర్త అన్న సిద్ధాంతాన్ని, రోమన్ న్యాయంతో మొదలుపెడుతుంది. ఇన్‌స్ట్. 2.1.1 తెరిస్తే గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం అందరివీ అని ఉంటుంది. వెంటనే 2.1.2లో నదులూ రేవులూ ప్రజలవి అని వేరే వర్గంగా ఉంటుంది. నది గురించి రాసేటప్పుడు రెండోది కూడా ఇవ్వాలి. ఇక ప్రభుత్వం ధర్మకర్త అన్న భావన ఈ రెండు పేరాల్లోనూ లేదు, అది ఇంగ్లిష్ ట్రస్ట్ నుంచి తర్వాత చేరింది. ఇలా అన్నంత మాత్రాన తీర్పు విలువ తగ్గదు. "జస్టీనియన్ పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతాన్ని ప్రకటించాడు" అని మాత్రం రాయకండి.

అనువాదం ఎంచుకోవడం

1932లో వచ్చిన ఎస్.పి. స్కాట్ ఇంగ్లిష్ అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందుకే అందరూ దాన్నే కోట్ చేస్తారు. దాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడండి. తప్పులు చాలా ఉన్నాయి, పాత ముద్రణ మీద ఆధారపడటం వల్ల విభజన కొన్నిచోట్ల కలవదు. డైజెస్ట్‌కు 1985లో అలన్ వాట్సన్ సంపాదకత్వంలో వచ్చిన అనువాదంలో ఎదురుపేజీలో మామ్సెన్ అనే జర్మన్ పండితుడు పరిష్కరించిన లాటిన్ పాఠం ఉంటుంది. మామ్సెన్ ముఖ్యంగా ఆధారపడింది ఆరో శతాబ్దపు రాతప్రతి మీద. అది ఒకప్పుడు పీసాలో ఉండేది, 1406లో ఫ్లోరెన్స్ పీసాను గెలిచాక అక్కడికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ముందుకు నడవడం: ఒక భూమి ధర

మూలం నుంచి నేటి చట్టం దాకా నడవడానికి సి. 4.44.2 మంచి దారి. కోడ్‌లో ఇన్‌స్క్రిప్షన్ వేరేలా ఉంటుంది: పైన చక్రవర్తుల పేర్లు, ఎవరికి రాశారో, కింద తేదీ. అక్కడ డి. అని ఉంటే డైజెస్ట్ కాదు, జారీ చేసిన తేదీ, పీపీ. అని ఉంటే బహిరంగంగా అతికించిన తేదీ. సంవత్సరం ఆ ఏటి కాన్సుల్స్ (ఏటా మారే రోమన్ ఉన్నతాధికారులు) పేర్లతో ఉంటుంది. రోజులు వెనక్కి లెక్కపెట్టేటప్పుడు రెండు చివరలూ కలుపుకోవాలి: నవంబరు కలెండ్స్‌కు, అంటే నెల మొదటి రోజుకు, 5వ రోజు అంటే అక్టోబరు 28, 27 కాదు.

ఇది 285లో డయోక్లీషియన్ చక్రవర్తి పేరు మీద లూపస్ అనే అర్జీదారుకు వచ్చిన జవాబు. నువ్వో నీ తండ్రో ఎక్కువ విలువైనదాన్ని తక్కువకు అమ్మి ఉంటే, డబ్బు తిరిగిచ్చి జడ్జి ద్వారా పొలం వెనక్కి తీసుకోవచ్చు. లేదా కొన్నవాడు ఇష్టపడితే లోటు పూడ్చవచ్చు. నిజమైన ధరలో సగం కూడా ముట్టకపోతేనే తక్కువన్నట్టు. ఆ "సగం" అన్న కొలత జస్టీనియన్ మనుషులు చేర్చిందేనని చాలామంది పండితుల అనుమానం.

1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 1674వ అధికరణంలో ఇది స్థిరాస్తి అమ్మకాలకు మిగిలింది, కొలత మారింది: పన్నెండింట ఏడు వంతులకు మించి నష్టపోయిన అమ్మకందారు రద్దు కోరవచ్చు. 1676వ అధికరణం ప్రకారం రెండేళ్లలోగా కోరాలి. లెక్కేసి చూడండి. భూమి నిజమైన విలువ 12 లక్షలైతే, జస్టీనియన్ కోడ్‌లో గీత 6 లక్షల దగ్గర, ఫ్రెంచి కోడ్‌లో 5 లక్షల దగ్గర. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో అసలు గీతే లేదు. 25వ సెక్షన్ ఉదాహరణలో వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మినా, ఇష్టపడి ఒప్పుకుంటే ఒప్పందమే. ధర మరీ తక్కువగా ఉండటం ఆ ఇష్టం నిజమైనదేనా అని కోర్టు చూడటానికి మాత్రం పనికొస్తుంది.

ఫ్రెంచి, భారత చట్టాల ఈ రెండు దారులూ గోదావరి ఒడ్డున పక్కపక్కనే ఉండేవి. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో, హిందువుల పెళ్లి, వారసత్వం లాంటివి వారి ఆచారానికి వదిలి, ఫ్రెంచి సివిల్ కోడ్ నడిచింది. చుట్టూ ఉన్న ఊళ్లలో 1872 చట్టం. భారత చట్టాలు 1960లలో యానాంకు వచ్చాయి. అంతకుముందటి యానాం భూమి కాగితం ఏదైనా చదవాల్సివస్తే మొదట తేదీ చూడండి, తర్వాత ధర చూడండి.